రైలు చుట్టరికం



నేను రాసేది రైలు గురించి అనుకుంటారేమో. కొంతవరకే. అసలు సంగతి రైలంటే ప్రాణం పెట్టే మనుషుల గురించి. వీళ్ళు ఊరెళ్ళడానికి స్టేషనుకి రారు, రైలుని చూడ్డానికే వస్తారు. ఇంజను నంబరు రాసుకుంటారు, ఫొటో తీస్తారు, ఒకరికి తెలిసింది ఇంకొకరికి చెప్పుకుంటారు. పేరూ ఊరూ అడగకముందే "ఏ ఇంజను చూసేరు?" అని మొదలెడతారు. 1989లో అమెరికాలో చదువుకుంటున్న కొందరు మన దేశపు కుర్రాళ్ళు మన రైళ్ళ మీద బెంగతో ఇలాగే ఒకరికొకరు రాసుకోవడం మొదలుపెట్టేరు. అదే ఇండియన్ రైల్వేస్ ఫ్యాన్ క్లబ్బు అయింది.

ఇలాంటివాళ్ళు ఎంతో ఇష్టపడే లైన్లలో మనది ఒకటి, కొత్తవలస - కిరండూల్ లైను. కె.కె. లైను అంటారు. పొడవు సుమారు 445 కిలోమీటర్లు. బైలదిల్లా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపానుకి పంపడానికి 1960లో మంజూరు చేసి, 1966-67లో తెరిచేరు. 58 సొరంగాలున్నాయి. శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంది. దేశంలోని బ్రాడ్‌గేజి స్టేషన్లలో అదే ఎత్తయినదని మనవాళ్ళు ఇప్పటికీ చెప్తుంటారు. 2008లో కాశ్మీరు లోయలో బ్రాడ్‌గేజి రైలు నడిచేక ఆ పేరు అటు పోయింది. జి.కె. పరీక్షలో పాత జవాబు రాయకండి!

ఈ ఘాటు కోసమని 1980ల చివర్లో విదేశాల నుంచి ఇంజన్లు తెప్పించేరు. డబ్ల్యూ.ఎ.జి.-6 అని పేరు. స్వీడను నుంచి ఆరు, జపాను హిటాచి కంపెనీవి పన్నెండు, మొత్తం పద్ధెనిమిది. అన్నీ వాల్తేరు షెడ్డువే. అప్పట్లో వాటిని చూడాలంటే మన లైనుకే రావలసి వచ్చేది. మన పెద్దవాళ్ళు వాటిని రోజూ చూసేరు, ఒక్కరూ నంబరు రాసుకోలేదు. రాయాలని వాళ్ళకి ఎవరు చెప్పేరు గనక!

2017 నుంచి మన ప్యాసింజరుకి అద్దాల పెట్టె తగిలించేక టూరిస్టులు బాగా పెరిగేరు. వాళ్ళు బొర్రా గుహలు, కాఫీ తోటలు చూసుకుని వెళ్ళిపోతారు. నేను చెప్పేవాళ్ళు వేరు. పోయిన చలికాలం అరకు స్టేషనులో ఇద్దరిని చూసేను. ఒకాయన రిటైరైన బ్యాంకు ఉద్యోగి, ఇంకొకతను ఒరిస్సా నుంచి వచ్చిన కాలేజీ కుర్రాడు. ఫొటోలు పంపుకోవడమే గానీ అంతకుముందు ఎప్పుడూ కలుసుకోలేదట. మా మావయ్య లైను మీద కీమాన్‌గా పని చేస్తాడు. ఆ సంగతి తెలిసేసరికి ఆయన్ని కూర్చోబెట్టి, టీ ఇప్పించి, పుస్తకం తీసి రాసుకోవడం మొదలెట్టేరు.

మావయ్య చెప్పింది నేనూ అప్పుడే మొదటిసారి విన్నాను. కీమాన్ రోజూ తన బీటు అంతా నడుస్తాడు. పట్టాని పట్టుకునే క్లిప్పులు వదులైతే సుత్తితో బిగిస్తాడు. వానాకాలం రాత్రిళ్ళు పెట్రోల్‌మన్ దీపం పట్టుకుని తిరుగుతాడు, కొండచరియ పడిందేమోనని. పడితే రైలుని ఆపడం ఎలా? ఎర్ర దీపం చూపిస్తూ రైలు వచ్చే వైపుకి వెళ్ళాలి. 600 మీటర్ల దగ్గర పట్టా మీద ఒక పటాకా పెట్టాలి. 1200 మీటర్ల దగ్గర పది పది మీటర్ల ఎడంలో మూడు పెట్టాలి. చక్రం ఎక్కగానే అవి పేలతాయి, డ్రైవరు బ్రేకు వేస్తాడు. ఆ పెద్దాయన మధ్యమధ్యలో "మీరు చెప్పండి, మీరు చెప్పండి" అంటూ రాసుకున్నారు. మా మావయ్యని ఒకరు "మీరు" అంటూ నోట్సు రాసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఈ స్నేహంలో తెలిసినవాడే పెద్ద, ఉద్యోగం చిన్నదా పెద్దదా అని చూడరు. అందుకే నాకు నచ్చింది.

ఇక వార్డెను గారి భయం. "పిల్లలు పట్టాల మీదకి పోతారు" అని అన్నారు. ఆ భయం న్యాయమైనదే. ఇంగ్లండులోనూ సరిగ్గా ఇదే జరిగింది. ఇయాన్ అలెన్ అని రైల్వే ఆఫీసులో గుమాస్తా ఉండేవాడు, చిన్నప్పుడే ప్రమాదంలో ఒక కాలు పోయింది. ఇంజన్ల నంబర్లు అడుగుతూ వచ్చే ఉత్తరాలకి జవాబు రాయలేక 1942లో చిన్న పుస్తకం వేసేడు. దాంతో పిల్లలు గుంపులు గుంపులుగా స్టేషన్లకి బయల్దేరేరు. టామ్‌వర్త్ అనే ఊళ్ళో పట్టాల మీదకి వెళ్ళిన పిల్లల్ని పోలీసులు పట్టుకున్నారు. అప్పుడు అలెన్ పిల్లల సరదా మాన్పించలేదు, ఒక క్లబ్బు పెట్టేడు. రైల్వే స్థలంలోకి చొరబడనని మాటిస్తేనే సభ్యత్వం. మనం కూడా అదే మాట ఇస్తే చాలదా సార్?

స్టేషనుకి వెళ్ళలేని రోజుల్లో నమూనా చేసుకోవచ్చు. పద్మాపురం తోటలో మనం ఎక్కే బొమ్మరైలు వేరు, నమూనా రైలు వేరు. నమూనాలో ప్రతి కొలతా ఒకే లెక్కన తగ్గాలి. ఎక్కువమంది వాడే హెచ్.ఓ. కొలతలో 87వ వంతు. మన బోగీ పొడవు 21.3 మీటర్లు, 87తో భాగించి చూడండి, 24.5 సెంటీమీటర్లు. లాంగు నోటుబుక్కు అట్టలో సరిపోతుంది. తమాషా ఏంటంటే, మన పట్టాల మధ్య వెడల్పు 1676 మిల్లీమీటర్లు, అంటే నమూనాలో 19.3 రావాలి. కానీ బజారులో దొరికేది 16.5, విదేశీ పట్టాల లెక్కది. అందుకే చాలామంది పెట్టె మన కొలతలో చేసి వాళ్ళ పట్టా మీద నడుపుతారు. పూనాలో 1998 నుంచి చిన్న రైళ్ళ మ్యూజియమే ఒకటి ఉంది, జోషి గారిది. కొనడానికి మన దగ్గర డబ్బుల్లేవు గానీ అట్టలు, అగ్గిపెట్టెలు, జిగురు ఉన్నాయి.

కొత్తవలస - కోరాపుట్ మధ్య రెండో లైను పనులు నడుస్తున్నాయి. అది పూర్తయితే ఖనిజం బండికి దారిస్తూ మన ప్యాసింజరు ఆగడం ఉండదు. ఏ బండి ఎక్కడ ఎంతసేపు ఆగేదో ఇప్పుడే రాసి పెట్టుకోవాలి. బయటివాళ్ళు రాస్తున్నారు సరే, ఈ కొండల్లో పుట్టినవాళ్ళం మనమూ రాయొద్దా? మన ఇళ్ళల్లో ఎవరో ఒకరు ఈ లైను మీద పని చేసినవాళ్ళే.

వార్డెను గారికి మనవి: నెలకి ఒక ఆదివారం, ఒక గంట, ఒక సారుతో కలిసి అరకు స్టేషనుకి పంపండి. ప్లాట్‌ఫారం టిక్కెట్లు మేమే కొనుక్కుంటాం. గోడ వైపు బెంచీల దగ్గరే ఉంటాం. పట్టాలు దాటం, సెల్ఫీలు లేవు. ఎవరు తప్పినా ఆ నెల మొత్తం మానేస్తాం.

అంతవరకు మన హాస్టలు వరండా నుంచి కనపడే బళ్ళే రాద్దాం. నోటీసు బోర్డు పక్క మేకుకి ఒక పుస్తకం వేలాడదీసేను. తేదీ, టైము, ఇంజను ఎన్ని, పెట్టెలు ఎన్ని, నిండువా ఖాళీవా అని గళ్ళు గీసేను. ఇంట్లో లైను మీద పని చేసినవాళ్ళుంటే సెలవుల్లో అడిగి వెనక పేజీల్లో రాయండి. వాళ్ళు ఆదివాసీ ఒరియాలో చెప్తే అదే మాట తెలుగు అక్షరాల్లో రాయండి, పరవాలేదు. పెన్సిలు తాడుతో కట్టి ఉంది, దయచేసి ఎవరూ పట్టుకుపోవద్దు.