‘తన’ అన్న మాట తెలిస్తే చాలు

మా బరంపురంలో మన తెలుగువాళ్ల పిల్లల చదువుల కోసం మేం పదిమందిమి కలిసి ఒక చిన్న నిధి నడుపుతున్నాం. వడ్డీ లేకుండా అప్పిస్తాం. వీలున్నప్పుడు కొద్దికొద్దిగా తిరిగి కడతారు. లెక్కలు రాసే పని నాది. పాతిక ఖాతాలు, ఒక ఎర్ర అట్ట పద్దుపుస్తకం, అంతే ఆస్తి.

కిందటేడాది వేసవి సెలవులకు వచ్చిన మా మనవరాలు ఆ పుస్తకం చూసి నవ్వింది. ఇంజనీరింగు మొదటి సంవత్సరం పూర్తిచేసింది. “తాతయ్యా, ఇదంతా పైథాన్‌లో రాసిపెడతాను. ఎవరు ఎంత కట్టారో చెబుతూ ఉండండి, చాలు” అంది. పైథాన్ అంటే కంప్యూటరుకు పనులు చెప్పే భాషల్లో ఒకటి. సరే కానిమ్మన్నాను. వారం రోజుల్లో రాసేసింది. నెలాఖరుకు అందరికీ బాకీ ఉత్తరాలు కూడా అచ్చువేసి పంపించాం.

మూడో రోజున ఒక తల్లి మా అరుగు మీదికి వచ్చింది. కుట్టుమిషను మీద బతుకుతూ కొడుకును చదివిస్తున్న మనిషి. ఒక చేతిలో మా ఉత్తరం, రెండో చేతిలో నేను సంతకం చేసిన రసీదు. “బాబుగారూ, రెండు వేలు కట్టాను గదా. ఎనిమిది వేలకు ఎనిమిది వేలూ బాకీ ఉన్నట్టే రాశారేమిటి?” అని అడిగింది. గొంతులో కోపం లేదు, భయం ఉంది. కట్టిన డబ్బు కట్టనట్టయితే ఆవిడ ఎవరితో చెప్పుకోవాలి?

లోపలికి వెళ్లి చూశాం. ఆవిడది 12వ నంబరు ఖాతా. బాకీ 8,000గానే ఉంది. తొమ్మిది వేలు బాకీ ఉండాల్సిన 21వ నంబరు ఖాతాలో మాత్రం 6,000 అని ఉంది. మనవరాలి ముఖం వాడిపోయింది. “లెక్క సరిగానే చేసింది తాతయ్యా, ఎక్కడ తప్పిందో తెలియడం లేదు” అంది.

తప్పు దొరకడానికి ఒక పూట పట్టింది. ఆ పూట నేను నేర్చుకున్నదే ఈ వ్యాసం. ఇంట్లో కంప్యూటరు చదువుకుంటున్న పిల్లలుంటే ‘ఫంక్షన్’, ‘మెథడ్’ అన్న మాటలు మీ చెవిన పడే ఉంటాయి. రెండూ ఒకటేలా కనిపిస్తాయి, పిల్లలు తికమక పడతారు. ఆ తేడా మన భాషలోనే ఉందని చెప్పడమే నా ఉద్దేశం.

పిండిమర లాంటిది ఫంక్షన్

ముందు ఆ అమ్మాయి రాసింది చూడండి. ఇంగ్లీషు మాటల్ని ఇక్కడ తెలుగు లిపిలో వేస్తున్నాను. యంత్రంలో మాత్రం వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

డెఫ్ తగ్గించు(బాకీ, మొత్తం):
    రిటర్న్ బాకీ - మొత్తం

ఇది ఒక ఫంక్షన్. ‘డెఫ్’ అంటే ఇక్కడినుంచి ఒక పని వివరిస్తున్నానని చెప్పడం. ‘తగ్గించు’ ఆ పనికి పెట్టుకున్న పేరు. బ్రాకెట్లలో ఉన్న రెండూ ఖాళీ గిన్నెలు, వాటిని పారామీటర్లు అంటారు. పని చేయించుకునేటప్పుడు వాటిలో పోసే అసలు సరుకును ఆర్గ్యుమెంట్లు అంటారు. 8,000, 2,000 పోస్తే 6,000 తిరిగి ఇస్తుంది. ఆ తిరిగి ఇవ్వడమే ‘రిటర్న్’.

పిండిమరకు వెళ్లినట్టే ఇది. బియ్యం ఇస్తే పిండి ఇస్తాడు. ఆ బియ్యం ఎవరివో, పిండి ఎవరింటికి పోతుందో మరకు అక్కర్లేదు. మన డబ్బాలో పోసుకుని తెచ్చుకోవడం మన బాధ్యత. పొరపాటున పక్కింటి డబ్బాలో పోస్తే మరది తప్పా?

సరిగ్గా అదే జరిగింది. మనవరాలు రాసిన పంక్తి ఇది:

బాకీ21 = తగ్గించు(బాకీ12, 2000)

బియ్యం 12వ ఇంటివి, డబ్బా 21వ ఇంటిది. మర పిండి బాగానే పట్టింది. 12వ ఖాతా ఉన్నచోటే ఉండిపోయింది, 21వ ఖాతాలో ఎవరిదో లెక్క వచ్చి కూర్చుంది. కంప్యూటరు ఒక్క మాటైనా అనలేదు. దాని దృష్టిలో అది తప్పే కాదు.

‘తన’ అంటే ఎవరిది?

మనవరాలిని ఒక ప్రశ్న అడిగాను. “రాము రాజును పిలిచి, అతని పుస్తకం సంచిలో పెట్టాడు. పుస్తకం ఎవరిది?” 

“రాజుది అనుకుంటా.” 

“రాము రాజును పిలిచి, తన పుస్తకం సంచిలో పెట్టాడు. ఇప్పుడు?” 

“రాముదే!” అంది తడుముకోకుండా.

ఒడియా, ఇంగ్లీషు బడుల్లో చదివిన పిల్ల. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. అయినా ‘తన’ దగ్గర తప్పు చేయలేదు. ఆ మాట ఇంట్లో వింటూ పెరిగింది గదా. ఇంగ్లీషులో రెండుచోట్లా ‘హిజ్’ అనే అంటారు, ఎవరిదో మనమే ఊహించుకోవాలి. మనకు ఆ బాధ లేదు. పని చేస్తున్నది ఎవరో వాళ్లదే ‘తన’. తమిళంలో ‘తన్’, కన్నడంలో ‘తన్న’ దీని చుట్టాలే. ఒడియాలో ‘నిజర’, మరాఠీలో ‘స్వతఃచా’ ఇలాంటి పనే చేస్తాయి. ఏ రాష్ట్రంలో స్థిరపడిన మన పిల్లలకైనా ఇది కొత్త కాదు.

మెథడ్ అంటే ‘తన’ తెలిసిన ఫంక్షన్. దాన్ని ఇలా రాస్తారు:

క్లాస్ ఖాతా:
    డెఫ్ చెల్లించు(తాను, మొత్తం):
        తాను.బాకీ = తాను.బాకీ - మొత్తం

‘క్లాస్’ అంటే అచ్చువేసిన ఖాళీ పాస్‌బుక్కు నమూనా అనుకోండి. ఏ గడి ఎక్కడ ఉండాలో, ఏ నియమం పాటించాలో అందులో ఒక్కసారి రాస్తాం. దాన్ని బట్టి ఒక్కో ఇంటికి తయారుచేసి ఇచ్చిన పాస్‌బుక్కు ‘ఆబ్జెక్టు’. పాతిక ఇళ్లకు పాతిక ఆబ్జెక్టులు. ఎవరి బాకీ వాళ్ల పుస్తకంలో ఉంటుంది, నియమం మాత్రం అందరికీ ఒకటే. పుస్తకం తయారయ్యే క్షణాన మొదటి బాకీ ఎంతో రాసుకోవడానికి ‘ఇనిట్’ అనే ప్రత్యేక మెథడ్ ఉంటుంది.

ఇప్పుడు ఆ తల్లి రెండు వేలు కడితే రాయవలసింది ఇంతే:

ఖాతా12.చెల్లించు(2000)

చుక్కకు ముందు ఉన్నదే ‘తాను’. అంటే 12వ ఖాతా తన బాకీ తానే తగ్గించుకుంటుంది. పిండి మోసుకుపోయే పని లేదు, డబ్బా మారే ప్రమాదం లేదు. 12 బదులు 21 అని కొడితే మాత్రం తప్పు తప్పే, మెథడ్ మనల్ని దేవుళ్లను చేయదు. అయితే మునుపు ఒక్కో పంక్తిలో నంబరు రెండుచోట్ల రాయాలి, ఆ రెండూ కలవాలి. ఇప్పుడు ఒక్కచోటే చూసుకుంటే సరిపోతుంది. బాకీకి మించి ఎవరైనా కడితే ఆపమనీ, కట్టినప్పుడల్లా తేదీ రాసుకోమనీ ఆ మెథడ్‌లోనే ఒక్కసారి చెప్పామంటే పాతిక ఖాతాలూ పాటిస్తాయి.

పాఠ్యపుస్తకాల్లో ‘తాను’ ఉన్నచోట ‘సెల్ఫ్’ అని ఉంటుంది. అది ఆనవాయితీగా వస్తున్న పేరే తప్ప భాష పెట్టిన నిర్బంధం కాదు. 2008లో వచ్చిన పైథాన్ 3 నుంచి ఇలాంటి పేర్లను తెలుగు అక్షరాల్లో రాసుకోవచ్చు. మేం ‘తాను’ అనే రాశాం, చక్కగా పనిచేసింది. నలుగురితో కలిసి పనిచేసేటప్పుడు మాత్రం ‘సెల్ఫ్’ అనే రాయడం మర్యాద.

కొత్తవాళ్లందరూ పడే గుంట

బ్రాకెట్లలో ‘తాను’ రాయడం మరిచిపోతే పైథాన్ ఒక వింత ఫిర్యాదు చేస్తుంది. “ఒక్కటే పుచ్చుకోవాలి, రెండిచ్చారు” అంటుంది. నేను ఇచ్చింది 2,000 ఒక్కటే గదా, రెండోది ఎక్కడినుంచి వచ్చిందని పిల్లలు జుట్టు పీక్కుంటారు. ఆ రెండోది చుక్కకు ముందున్న ఖాతాయే. ఖాతా12.చెల్లించు(2000) అని మనం రాస్తే, పైథాన్ లోపల ఖాతా.చెల్లించు(ఖాతా12, 2000) అన్నట్టే నడుపుతుంది. అంటే మెథడ్ కూడా చివరికి ఒక ఫంక్షనే. ఎవరి తరఫున పనిచేస్తున్నదో వాళ్లను మొదటి గిన్నెలో తానే వేసుకుంటుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం తికమక తీరిపోతుంది.

ఎప్పుడు ఏది?

అలాగని ఫంక్షన్ పాతబడిందని కాదు. ఒకసారి రాసిన పనిని మళ్లీ మళ్లీ వాడుకునే పద్ధతి మీద కేంబ్రిడ్జిలో విల్క్స్, వీలర్, గిల్ అనే ముగ్గురు 1951లోనే పుస్తకం వేశారు. డేటానూ పనినీ ఒకేచోట కట్టిపెట్టే ఆలోచన 1960లలో నార్వేలో ఓలే-యోహాన్ డాల్, క్రిస్టెన్ నిగార్డ్ చేసిన సిములా భాషతో వచ్చింది. అందుకే వాళ్లిద్దరికీ 2001 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. 1970లలో అమెరికాలో స్మాల్‌టాక్ భాష దాన్ని ఇంకా ముందుకు తీసుకుపోయింది. సి ప్లస్ ప్లస్‌లో మెథడ్‌ను ‘మెంబర్ ఫంక్షన్’ అంటారు. 1995లో వచ్చిన జావాలో ప్రతి పనినీ ఏదో ఒక క్లాసులోనే పెట్టాలి. పైథాన్‌లో రెండు దారులూ తెరిచే ఉన్నాయి, ఎంచుకోవడం మన వంతు.

ఎంచుకోవడానికి మేం ఒక ప్రశ్న పెట్టుకున్నాం. ఈ పని చేయాలంటే ఎవరి సంగతైనా గుర్తుంచుకోవాలా? రసీదు మీద 6,000 అన్న అంకెను ‘ఆరు వేల రూపాయలు’ అని అక్షరాల్లో రాయాలంటే ఎవరి గురించీ తెలియక్కర్లేదు. అంకె ఇస్తే మాట వస్తుంది. అది ఫంక్షన్‌గానే ఉండనిచ్చాం. బాకీ తగ్గించాలంటే ఎవరి బాకీ అన్నది తెలియాలి. కనుక అది మెథడ్ అయింది.

మర్నాటికి అంతా తిరగరాసింది. నేను ఎర్ర అట్ట పుస్తకం ముందు పెట్టుకుని పాతిక ఖాతాలూ ఒక్కొక్కటే సరిచూశాను. కొత్త ఉత్తరాలు టపాలో వేయలేదు. ఇద్దరం నడిచి వెళ్లాం. కుట్టుమిషను దగ్గర ఆ తల్లికి 6,000 అని ఉన్న కాగితం ఇచ్చి మనవరాలే చెప్పింది: “తప్పు నాదేనండీ, మీరు కట్టింది మీ ఖాతాలోనే ఉంది.” ఆవిడ కాగితాన్ని కళ్లకద్దుకుని రసీదుతో కలిపి డబ్బాలో పెట్టుకుంది. 

21వ నంబరు ఇంటికి వెళ్లడమే కష్టమైంది. తగ్గిందనుకున్న మూడు వేలు తగ్గలేదని చెప్పాలి గదా. ఇంటాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “మేం కట్టకుండానే ఎలా తగ్గిందా అనుకున్నాం. వచ్చి చెప్పారు, మంచిదే” అని మంచినీళ్లిచ్చాడు.

తిరిగి వస్తుంటే దారిలో మనవరాలు అడిగింది: “తాతయ్యా, ఎర్ర పుస్తకం కూడా రాస్తూనే ఉంటారా?” రాస్తూనే ఉంటానన్నాను. ఈమధ్య నెలాఖరున రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తున్నాం. సెలవుల్లో లేనప్పుడు ఆ అమ్మాయి ఫోనులో అంకెలు చదువుతుంది, నేను టిక్కు పెట్టుకుంటాను.