పాలు, గ్రుడ్లు పడని బిడ్డకు మన పొలములోని ఆహారము

పాలు, గ్రుడ్లు పిల్లలకు మంచి ఆహారమని ఇట్టి పత్రికలలో పలుమారు వ్రాయుచుందురు. అది నిజమే. కాని కొందరు బిడ్డలకు ఆ రెండే కీడు చేయును. ఒక గుక్క పాలు త్రాగిన కొద్ది నిముషములలో, లేక గ్రుడ్డుముక్క తిన్న వెంటనే ఒంటిపై దద్దుర్లు లేచును, పెదవులు వాచును, వాంతి యగును. వైద్యులు దీనిని ఎలర్జీ అందురు. మన ఇండ్లలో 'పడలేదు' అందురు. అట్టి బిడ్డకు పాలు, గ్రుడ్లు మాన్పించక తప్పదు. అయితే మాన్పించి, వాని బదులు ఏమి పెట్టవలెనో చూడక అన్నము, చారుతో సరిపెట్టినచో బిడ్డ ఎదుగుదల కుంటుపడును. ఆ బదులు పదార్థములు చాలవరకు రైతు పొలములో పండునవే గనుక, పంటల శాస్త్రము బోధించు నేను వంటను గూర్చి వ్రాయుచున్నాను.

ముందుగా వైద్యునిచేత నిర్ధారణ చేయించవలెను. పొరుగువారి మాటపై పాలు మాన్పించరాదు. పాలు త్రాగిన పిమ్మట కడుపుబ్బరము, విరేచనములు మాత్రమే అగుట వేరొక సంగతి కావచ్చును. అది పాలలోని చక్కెర అరగకపోవుట. అట్టివారిలో పలువురికి పెరుగు, మజ్జిగ సరిపడును. ఎలర్జీ అట్లు కాదు. అది పాలలోని మాంసకృత్తుల వలన వచ్చును. పాలు తోడుకొన్నను, విరిగినను ఆ మాంసకృత్తులు పోవు. కావున పెరుగు, మజ్జిగ, కోవా, జున్ను అన్నియు పాలతో సమానమే. నేతిలో కూడ వాని జాడ మిగులును గనుక వైద్యుడు సరేననువరకు నేయి వాడరాదు. పప్పన్నములో నేతికి బదులు పప్పునూనె వేయవచ్చును.

రైతులు తరచుగా అడుగునది ఇంకొకటి గలదు. ఆవుపాలు పడలేదు, గేదెపాలు పోయవచ్చునా? గేదెపాలు పడలేదు, మేకపాలు పోయవచ్చునా? పోయరాదు. ఆవు, గేదె, మేక, గొఱ్ఱె పాలలోని మాంసకృత్తులు ఒకదాని నొకటి ఎంతయో పోలియుండును. ఒకటి పడని బిడ్డకు తక్కినవి కూడ పడకపోవుటే ఎక్కువ. ఇంటి మేక సాధువని దాని పాలు సాధువు కావు. బాతుగ్రుడ్డు సంగతియు నిట్టిదే. కోడిగ్రుడ్డు పడనివారికి అది బదులు కాదు. గాడిదపాలు పట్టుమని చెప్పువారును కలరు. వైద్యుని మాట లేక ఆ ప్రయోగము తలపెట్టవలదు, అందును పచ్చిపాలు అసలే పట్టరాదు.

ఏడాది నిండని బిడ్డకు ఈ వ్యాసములోని పదార్థములేవియు పాలకు బదులు కానేరవు. తల్లిపాలు మానరాదు. తల్లి తిను ఆహారములో మార్పు కావలెనో లేదో, డబ్బాపాలు కావలసినచో ఏ రకమో వైద్యుడే చెప్పవలెను.

ఇక లెక్కకు వత్తము. పాలు మానిన బిడ్డకు ముఖ్యముగా లోపించునది సున్నము, అనగా కాల్షియము. 4 నుండి 6 ఏండ్ల బిడ్డకు రోజునకు 550 మిల్లీగ్రాములు కావలెనని భారత వైద్య పరిశోధనా మండలి 2020లో నిర్ణయించినది. నూరు గ్రాముల గేదెపాలలో ఇది సుమారు 120 మి.గ్రా. ఉండును. నూరు గ్రాముల చోళ్ళలో, అనగా రాగులలో, సుమారు 350 మి.గ్రా. ఉండును. రోజునకు 60 గ్రాముల చోడిపిండి వాడినచో 210 మి.గ్రా. వచ్చును. ఇది ఒక గ్లాసెడు పాలలోని సున్నముతో సమానము. పొట్టు తీయని నువ్వులు 10 గ్రాములలో సుమారు 120 మి.గ్రా. ఉండును. పొట్టు తీసిన తెల్లని నువ్వులలో ఇది చాల తగ్గిపోవును. పచ్చి మునగాకు 30 గ్రాములలో సుమారు 90, ఉలవలు 25 గ్రాములలో 60కి పైగా లభించును. ఇవి నాలుగును కలసి 480 అయినవి. మిగిలినది తక్కిన కూరలు, పప్పులు పూరించును. చేపలు తిను ఇంటివారు, చేప పడు బిడ్డకు, ఎండు నెత్తళ్ళను ముల్లుతో సహా దంచి పెట్టవచ్చును.

అయితే పాలలోని సున్నమువలె ధాన్యములోని సున్నము అంత సులభముగా ఒంటబట్టదు. అందుచే చోళ్ళను మొలకెత్తించుట మంచిది. చోళ్ళను ఇసుక లేకుండ కడిగి ఒక రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి ఒక పగలు, ఒక రాత్రి ఉంచవలెను. మొలక కనిపించగానే నీడలో ఆరబెట్టి, దోరగా వేయించి విసరవలెను. ఈ పిండితో కాచిన జావ పలుచగా నుండును గనుక చిన్న కడుపులో ఎక్కువ పిండి ఇమడ్చవచ్చును. జావలో మజ్జిగకు బదులు బెల్లము, వేరుసెనగపాలు కలుపవచ్చును. నానిన గింజలను మెత్తగా రుబ్బి, వడగట్టి, బాగుగా కాచినవే వేరుసెనగపాలు. బూజు పట్టిన, ముడుతలు పడిన కాయ దీనికి పనికిరాదు. వానలో తడిసిన కుప్పలోని కాయను అమ్ముటకు వీలుగాక ఇంటిలో వాడువారు ఈ మాట గమనింపవలెను.

పరమాన్నమునకు కొబ్బరిపాలు చాలును. అన్నము మెత్తగా ఉడికిన పిదప బెల్లము కలిపి, పొయ్యి నుండి దించిన తరువాత చిక్కని కొబ్బరిపాలు పోయవలెను. మరుగునప్పుడు పోసిన విరిగిపోవును. రుచి బాగుండును గాని, కొబ్బరిపాలు రంగులో పాలే తప్ప మాంసకృత్తులలో కావు. రోజును వానిపైననే ఆధారపడరాదు. పెరుగన్నమునకు అలవాటుపడిన బిడ్డకు, మరిగి చల్లారిన నీటిలో రాత్రంతయు నానిన చద్దన్నము ఉదయమున ఉప్పు వేసి పెట్టిన ఆ పులుపు కొంత దొరకును.

గ్రుడ్డు మానుట ఇంత కష్టము కాదు. మన పిండివంటలలో గ్రుడ్డుతో పనియే లేదు. అట్టు అడుగు బిడ్డకు పెసరట్టు, లేక సెనగపిండిలో ఉల్లి, మునగాకు తరిగి పోసిన అట్టు సరిపోవును. ఒక గ్రుడ్డులోని మాంసకృత్తులు సుమారు 6 గ్రాములు. 30 గ్రాముల పెసలు, కందులు ఏవైనను అంతే ఇచ్చును. కేకు చేయువారు ఒక గ్రుడ్డుకు బదులు, ఒక చెంచా అవిసెగింజల పొడిని మూడు చెంచాల నీటిలో నానబెట్టి కలుపుదురు. ఇది నూనెగింజల అవిసె. ఆకుకూరగా వండు అవిసె వేరు చెట్టు, పేరొక్కటే.

నువ్వుల చిమ్మిలి మంచిదే గాని, నువ్వులు, వేరుసెనగ, సోయా కూడ కొందరు పిల్లలకు పడవు. మొదటిసారి పెట్టునపుడు వైద్యు నడిగి, గోరంత పెట్టి చూడవలెను. సున్నము తీరినను బి12 విటమిను మొక్కల నుండి రాదు. శాకాహారుల బిడ్డకు అది మందుగా కావలసి యుండును. డి విటమినును గూర్చియు అడుగవలెను.

ఇంటిలో జాగ్రత్త పడినను బయట పొరపాటు జరుగును. బిస్కట్లు, రొట్టెలు, బొబ్బట్లు, దేవాలయపు ప్రసాదములు, మీగడ వేసిన ఉలవచారు, వీనియన్నిట పాలో నెయ్యో ఉండవచ్చును. తెలంగాణ అంగన్‌వాడీలలో ఇచ్చు బాలామృతములో పాలపొడి కలదు. అంగన్‌వాడీ టీచరుకు, బడిలో వంట చేయు ఆమెకు బిడ్డ సంగతి ముందుగా చెప్పి, వ్రాసి ఇయ్యవలెను. పొట్లములపై పాలు, గ్రుడ్లు ఉన్నవని తెలుపవలెనని 2020 నాటి ఆహార నిబంధన గలదు. కేసీన్, వే అను మాటలు కనిపించిన అవి పాలే. గ్రుడ్డు వేయించిన పెనము, పెరుగు గరిటె కడుగక బిడ్డ వంటకు వాడరాదు.

తిన్న తరువాత ఊపిరి ఆడక పిల్లికూతలు వచ్చినను, గొంతు బొంగురుపోయినను, బిడ్డ సోలిపోయినను ఇంటివైద్యము చేయుచు కూర్చుండరాదు. వెంటనే 108కు ఫోను చేయవలెను. తొడకు ఎడ్రినలిన్ ఇంజెక్షను ఇచ్చుటే దానికి మందు. గ్రుడ్డు పడదని తట్టు టీకా మాన్పించవలసిన పనిలేదు, సంగతి నర్సుకు చెప్పిన చాలును. పెక్కుమంది పిల్లలకు పెరిగినకొలది ఈ ఎలర్జీ తగ్గిపోవును. తగ్గినదో లేదో ఆసుపత్రిలోనే చూడవలెను, పండుగనాడు ఇంటిలో కాదు.

రోజునకు 60 గ్రాముల చొప్పున ఏడాదికి 22 కిలోల చోళ్ళు కావలెను. ఎకరమునకు 5 క్వింటాళ్ళే పండినను 5 సెంట్లలో 25 కిలోలు వచ్చును. వరి, ప్రత్తి వేయువారు కూడ ఒక మూల ఈ పాటి చోటు విడువగలరు. గట్టుపై నాలుగు మునగమొక్కలు నాటి, మీటరు ఎత్తున తల త్రుంచినచో కొమ్మలు వేసి ఆకు చేతికందును. మొలక చోడిపిండి ఎక్కువ కాలము నిలువ ఉండదు గనుక, ధాన్యమును బాగుగా ఎండబెట్టి దాచుకొని, పదునైదు రోజులకు సరిపడునంత మాత్రమే విసరుకొనవలెను.