మీకు తెలుసా? ఆటకు ముందే వందేళ్ల చరిత్ర!

టార్న్, జాక్ ఆడమ్స్ సోదరులు 2006లో విడుదల చేసిన ‘డ్వార్ఫ్ ఫోర్ట్రెస్’ అనే కంప్యూటర్ గేమ్‌లో ఆట కంటే ముందు ప్రపంచం పుడుతుంది. కొండలు లేస్తాయి, నదులు పారతాయి, రాజ్యాలు కొట్టుకుంటాయి. తెరమీద ఏళ్లు గిర్రున తిరిగిపోతుంటాయి.

అన్నిటికన్నా చిన్న ప్రపంచం 17×17 గళ్లు. పెద్దది 257×257, అంటే విస్తీర్ణంలో దాదాపు 228 రెట్లు!

కొత్తగా ఆడేవాళ్లకు చిన్న ప్రపంచం, తక్కువ ఏళ్ల చరిత్ర హాయి. ప్రపంచం త్వరగా తయారవుతుంది, కంప్యూటర్‌ మీద భారం తగ్గుతుంది. ఖనిజాల సెట్టింగ్ పెంచితే కోట తవ్వేచోట ఇనుము దొరికే అవకాశం ఎక్కువ. ప్రకృతి క్రూరత్వం సెట్టింగ్‌ను తగ్గిస్తే ప్రశాంతమైన నేలలు పెరుగుతాయి.

చరిత్రను మరీ సాగదీస్తే? ఆ ప్రపంచంలో ‘మెగాబీస్ట్‌లు’ అనే మహామృగాల్లో చాలావరకు ఆటగాడు అడుగుపెట్టేలోపే వీరుల చేతిలో హతమైపోవచ్చు.