కంప్యూటరునకు మన అచ్చు

రేడియో సెట్టును ఇంటికి తెచ్చి మీట నొక్కినంతనే పాట వినవచ్చును. కంప్యూటరు అట్టిది కాదు. దానికి ముందుగా ఒక నిర్వాహక వ్యవస్థను, అనగా ఆపరేటింగ్ సిస్టమును, ఎక్కింపవలెను. అది లేనిచో తెరయు కీబోర్డును ఉండియు లేనట్టివే. అంగడివారు దానిని ఎక్కించి ఇచ్చుట వాడుకయే కాని, డిస్కు మార్చినపుడో, వైరస్ సోకినపుడో, పాత వ్యవస్థకు కాలము తీరినపుడో మరల ఆ పని మన మీదనే పడును.

సిద్ధిపేట జిల్లా కొండపాకలో ఒక బడి గదియందు పది పాత కంప్యూటర్లు ఉన్నవనుకొందము. ఒక ఉపాధ్యాయుడు వానిని బాగుచేయ బూనినాడు. మొదటి యంత్రము ముందు కూర్చుండగా అది వరుసగా ప్రశ్నలు వేయును: భాష ఏది? దేశము ఏది? కీబోర్డు ఎట్టిది? వాడువాని పేరేమి? వీనికి జవాబులు చెప్పిన పిదప తెలుగు ఫాంటులు చేర్చవలెను, తెలుగు కీబోర్డు అమర్చవలెను, వ్రాతకును లెక్కలకును కావలసిన సాఫ్టువేరు ఎక్కింపవలెను. ఒక్కొక్క యంత్రమునకు రెండు మూడు గంటలు పట్టును. మొదటిదానిపై ఉన్న శ్రద్ధ ఏడవదానిపై ఉండదు. ఏడవదానిలో తెలుగు కీబోర్డు మరచిపోయినచో, అక్కడ కూర్చున్న పిల్లవాడు కంప్యూటరునకు తెలుగు రాదనియే తలచును. ఈ చిన్న మరపు వలన కలుగు నష్టము చిన్నది కాదు.

దీనికి ఉపాయము మన ఇటుక బట్టీలవారికి తెలిసినదే. ప్రతి ఇటుకను చేతితో తీర్చిదిద్దరు. అచ్చును ఒకసారి సరిగా చేసికొని, అన్నిటిని అందులో పోయుదురు. నిర్వాహక వ్యవస్థను ఎక్కించుటకు వాడు ఫైలునకు ఇమేజి అని పేరు. ఐఎస్ఓ ఫైలు అనునది ఇదియే. సీడీలలో ఫైళ్లు ఏ తీరున ఉండవలెనో నిర్ణయించుచు 1988లో వెలువడిన ఐఎస్ఓ 9660 అను ప్రమాణమునుండి ఆ పేరు వచ్చినది. సీడీలు మరుగున పడినను, పెండ్రైవులకు మారిన తరువాతను, పేరు నిలిచినది.

ఈ ఇమేజిని విప్పి చూచినచో మూడు వస్తువులు ముఖ్యముగా కనబడును. యంత్రమును మేలుకొలుపు బూట్ లోడరు మొదటిది. ప్రశ్నలడిగి పని నడపు ఇన్‌స్టాలరు రెండవది. వ్యవస్థలోని వేలకొలది ఫైళ్లను అదిమి కట్టిన పెద్ద మూట మూడవది. లినక్సులో ఆ మూట తరచుగా స్క్వాష్ ఎఫ్ఎస్ అను రూపమున ఉండును. విండోసులో దానిని విమ్ ఫైలందురు. మన మార్పులలో ఎక్కువభాగము ఈ మూటలోనే జరుగును. మూటను విప్పి, కావలసినవి చేర్చి, అక్కరలేనివి తీసి, మరల కట్టుటయే ఈ విద్య.

విండోసు విషయమున ఈ పనికి కావలసిన పనిముట్లను మైక్రోసాఫ్ట్ వారే ఏడీకే అను పెట్టెగా ఉచితముగా ఇచ్చుచున్నారు. డిస్మ్ అను పనిముట్టుతో విమ్ ఫైలును ఒక ఫోల్డరుగా తెరచి, యంత్రమునకు తగిన డ్రైవర్లను, భాషా భాగములను, నవీకరణలను అందు చేర్చి, భద్రపరచి మూయవలెను. ఇచ్చట ఒక చిక్కు కలదు. పెండ్రైవులలో వాడు ఫ్యాట్ 32 అను అమరిక నాలుగు గిగాబైట్లకు మించిన ఒక్క ఫైలును పట్టనియ్యదు. అన్నియు చేర్చినకొలది విమ్ ఫైలు ఆ హద్దును దాటును; అప్పుడు దానిని ముక్కలుగా విడదీయవలెను. మరియొక మాట. అచ్చు మనము చేసినను సరకు మనది కాదు. ప్రతి యంత్రమునకు లైసెన్సు ఉండవలసినదే. ఆ ఇమేజిని ఊరందరికి పంచరాదు.

డెబియన్ లినక్సునకు ఈ సంకోచము లేదు. 1993లో మొదలైన ఈ వ్యవస్థ స్వేచ్ఛా సాఫ్టువేరు. మార్చుకొనుటకును, మార్చి పంచుటకును అందరికిని హక్కు కలదు. ఈ హక్కును ఆధారము చేసికొనియే హైదరాబాదు కేంద్రముగా పనిచేయు స్వేచ్ఛ సంస్థవారు విద్యార్థుల శ్రమతో తెలుగు మాటలాడు నిర్వాహక వ్యవస్థను డెబియన్ మీద నిర్మించిరి. సీడాక్ వారు 2007లో వెలువరించిన బాస్ లినక్సునకును డెబియనే పునాది. కేరళలో కైట్ సంస్థవారు ఉబుంటును తీసికొని, పాఠ్యాంశములకు తగిన సాఫ్టువేరుతో ప్రభుత్వ పాఠశాలలకై తమ ఇమేజిని సిద్ధపరచిరి. కావున ఒక బడికై ఒక అచ్చు చేసికొనుట వింత కాదు.

డెబియన్‌లో ఇందుకు లైవ్ బిల్డ్ అను పనిముట్టు కలదు. ఒక ఖాళీ ఫోల్డరులో దాని మొదటి ఆజ్ఞ నిచ్చినచో కొన్ని ఉపఫోల్డర్లు ఏర్పడును. ఒకదానిలో కావలసిన ప్యాకేజీల పేర్లు వరుసకొకటిగా వ్రాయవలెను: తెలుగు ఫాంటుల మూట, తెలుగు టైపు చేయు సాధనము, లిబ్రే ఆఫీసు, దాని తెలుగు అనువాదము. వేరొకదానిలో మన సొంత ఫైళ్లను, అనగా పాఠములు, బడి పేరుగల తెరచిత్రము మొదలగువానిని, ఉంచవలెను. పిదప రెండవ ఆజ్ఞ నిచ్చినచో, పనిముట్టు ఇంటర్నెట్టునుండి ప్యాకేజీలను తెచ్చి మూటకట్టి ఐఎస్ఓను చేతికిచ్చును. ఇన్‌స్టాలరును కూడ చేర్చుమని ముందుగా చెప్పుట మరువరాదు. చెప్పనిచో ఆ వ్యవస్థ పెండ్రైవునుండి నడచును గాని డిస్కులోనికి ఎక్కదు.

తెలుగు ఇంత సులభముగా చేరుటకు కారణము యూనికోడు. 1991లో వెలువడిన దాని తొలి సంచికలోనే తెలుగునకు స్థానము లభించినది. 128 గడుల ఒక వరుస మన లిపికి కేటాయింపబడినది. అంతకు మునుపు ఫాంటు ఫాంటునకు సంకేతములు వేరు. ఒక యంత్రమున వ్రాసిన ఉత్తరము మరియొక యంత్రమున అర్థములేని గుర్తులుగా కనబడెడిది. నేడు ఆ బాధ చాలవరకు తీరినది. ఫాంటును కీబోర్డును అచ్చులో ఉంచినచో చాలును.

ఇక ప్రశ్నల సంగతి. వాని జవాబులను ముందుగానే ఒక ఫైలులో వ్రాసి ఇమేజిలో ఉంచవచ్చును. డెబియన్‌లో దీనిని ప్రీసీడ్ అనియు, రెడ్ హ్యాట్ వంశపు లినక్సులలో కిక్‌స్టార్ట్ అనియు, విండోసులో ఆన్సర్ ఫైలు అనియు అందురు. ఇది ఎంత మేలో అంత ముప్పు. మేము ఒకప్పుడు డిస్కును చెరిపి వాడుమను జవాబును కూడ అందులో వ్రాసితిమి. పది యంత్రములలో పని చక్కగా జరిగినది. మాకు గర్వము కలిగినది. ఆ పెండ్రైవును జేబులో వేసికొని ఒక మిత్రుని ఇంటికి పోయి, అతని కంప్యూటరును పరీక్షింపబోయి దానితోనే మేలుకొలిపితిమి. అది ఒక్క ప్రశ్నయైనను అడుగలేదు. అడుగవద్దని నేర్పినది మేమే గదా! కూతురి పెండ్లి ఫోటోలు అందుండెను. వేరొకచోట ప్రతి లేదు. నాటినుండి మేము భాషకును, కాలమునకును, కీబోర్డునకును జవాబులు వ్రాయుదుము. డిస్కు ప్రశ్నకు మాత్రము జవాబు వ్రాయము. జవాబు దొరకనిచో ఇన్‌స్టాలరు ఆగి మనిషిని అడుగును. ఆ ఒక్కచోట మనిషి ఉండుటయే మంచిది.

సంకేతపదమును ఆ ఫైలులో తేటగా వ్రాయుటయు తగదు. పెండ్రైవు దొరికినవారెల్లరు దానిని చదువగలరు. ఇన్‌స్టాలరునకు బదులు, పూర్తిగా అమర్చిన ఒక యంత్రమునే ప్రతి తీసి పంచువారు మరియొక జాగ్రత్త పాటింపవలెను. అట్లు చేసినచో పేరును లోపలి గుర్తింపు సంఖ్యయు పదింటికి ఒక్కటియే యగును. నెట్‌వర్కులో ఒకదానిని మరియొకటిగా పొరబడుదురు. విండోసులో సిస్‌ప్రెప్ అను పనిముట్టు ఆ గుర్తులను తుడిచివేయును. లినక్సులో మెషిన్ ఐడీ ఫైలును ఖాళీ చేసి ఉంచవలెను.

సిద్ధమైన ఇమేజిని నేరుగా బడి యంత్రములలో ఎక్కింపరాదు. వర్చువల్ బాక్స్ వంటి సాధనమున, కంప్యూటరులోనే ఊహా కంప్యూటరును సృష్టించి, ముందుగా అందు ప్రయోగింపవలెను. అట్లే మూలమైన ఇమేజిని తయారీదారుల స్థలమునుండియే తెచ్చుకొని, ఎస్‌హెచ్‌ఏ 256 అను లెక్కతో సరిచూడవలెను. ఫైలు ఎంత పెద్దదైనను ఆ లెక్క 64 గుర్తుల వరుసగా వచ్చును. ఫైలులో ఒక్క అక్షరము మారినను వరుస పూర్తిగా మారిపోవును. ఎవరో మార్చి ఉచితముగా పంచు ఇమేజిలకు ఇట్టి పూచీ లేదు. అచ్చులో చేరిన దొంగ ప్రోగ్రాము పోసిన ప్రతి ఇటుకలోను ఉండును గదా.

అచ్చు కలకాలము నిలుచునది కాదు. విండోస్ 10 సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినది. దాని తరువాతి విండోస్ 11 టీపీఎం 2.0 అను భద్రతా భాగము లేని యంత్రములను అధికారికముగా అంగీకరింపదు. పాత యంత్రములకు లినక్సు ఆశ్రయమిచ్చును గాని దానికిని హద్దు కలదు. 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13 నుండి 32 బిట్ల ప్రాసెసర్లకు ఇన్‌స్టాలరు ఇచ్చుట మానిరి. కావున ప్రాసెసరు 32 బిట్లదో 64 బిట్లదో తెలిసికొనిన పిదపనే అచ్చునకు పూనుకొనవలెను.

ఆరు మాసముల కొకసారియైనను కొత్త నవీకరణలతో ఇమేజిని మరల కట్టుట మంచిది. ప్యాకేజీల పట్టికయు అమరికల ఫైళ్లును దాచియుంచినచో అది ఒక పూట పని. పెండ్రైవు మీద తేదీని, లోపల ఏమున్నదో తెలుపు చిన్న చీటీని అంటింపవలెను. ఆ ఉపాధ్యాయుడు బదిలీయై పోయినను, తరువాత వచ్చువారు ఆ చీటీని చూచి పని సాగింపగలరు. ఏడవ యంత్రము ముందు కూర్చున్న పిల్లవాడును తన పేరును తెలుగులోనే వ్రాసికొనగలడు.