మళ్లీ మళ్లీ వచ్చే లోపం, షెడ్డులో తేలని కారణం

ఎన్నిసార్లు బాగుచేయించినా కారులో అదే లోపం తిరిగి తలెత్తుతున్నప్పుడు, మెకానిక్ డబ్బు కోసమే తిప్పుకుంటున్నాడని యజమాని, తన ముందు బండి బాగానే నడుస్తోంది గదా అని మెకానిక్ అనుకోవడం సహజమే అయినా, చాలా సందర్భాల్లో చిక్కు లోపం స్వభావంలోనే ఉంటుంది. ఉండి ఉండి కనిపించే లోపం షెడ్డుకు చేరేసరికి మాయమవుతుంది కనుక, మెకానిక్ అనుమానమున్న భాగాన్ని మార్చి, రెండు రోజులు వాడి చూడమని పంపుతాడు. అనుమానం తప్పయితే యజమాని సొమ్ము పోతుంది, లోపం ఉన్నచోటే ఉంటుంది.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంలో ఇటువంటి లోపాలకు అనువైన పరిస్థితులున్నాయి. బాపట్ల చెంతనే సూర్యలంక తీరం, రేపల్లెకు దిగువన నిజాంపట్నం రేవు ఉండటంతో ఉప్పు కలిసిన తేమగాలి బండ్లను తాకుతూనే ఉంటుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటగా, 2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణ వరద లంక గ్రామాలను ముంచెత్తింది. నీళ్లలో నిలిచిన కారు ఆరాక స్టార్టయినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. వైర్లను కలిపే కప్లర్లలోకి చేరిన చెమ్మ లోపలి రాగికి చిలుము పట్టించి విద్యుత్తు దారిలో నిరోధాన్ని పెంచడం వల్ల, ఆ కలయిక ఒకరోజు పనిచేసి, గుంటల రోడ్డు కుదుపుకో ఇంజన్ వేడికో మరునాడు తప్పిపోతుంది.

అన్నిటికంటే తరచుగా విస్మరించేది ఎర్త్ వైరు, అంటే బ్యాటరీ నెగటివ్ కొన నుంచి ఇంజన్‌కూ బాడీకీ వెళ్లే తీగ. సెల్ఫ్ కొట్టినప్పుడు పారే భారీ కరెంటు ఆ దారినే తిరిగి రావాలి కాబట్టి, దాన్ని బిగించిన చోట తుప్పు పడితే కొత్త బ్యాటరీ వేసినా, సెల్ఫ్ మోటారే మార్చినా ఫలితం ఉండదు. మల్టీమీటరు ఒక కొసను బ్యాటరీ నెగటివ్‌కు, రెండోదాన్ని ఇంజన్ లోహానికి ఆనించి సెల్ఫ్ కొట్టినప్పుడు అది అర వోల్టుకు మించి చూపితే దోషం ఆ దారిలోనే ఉందని తెలుస్తుంది. కొద్ది నిమిషాల ఈ పరీక్ష చేయకుండా వేల రూపాయలు ఖర్చుపెట్టించడం అన్యాయం.

స్కానర్‌పై కూడా అపోహలున్నాయి. అది చదివే కోడ్, అంటే ఇంజన్ కంప్యూటరు నమోదు చేసుకున్న లోప సంకేతం, ఫలానా సెన్సారు చెడిందని నిర్ధారించదు. అక్కడి నుంచి అందే సమాచారం తేడాగా ఉందని మాత్రమే చెబుతుంది. లోపం వచ్చిన క్షణాన ఇంజన్ వేగం, వేడి ఎంతున్నాయో కూడా కోడ్‌తోపాటు సాధారణంగా భద్రమై ఉంటాయి గనుక, చెక్ ఇంజన్ లైటు ఆర్పడానికి దాన్ని చెరిపేస్తే ఆ ఆధారమూ పోతుంది. అయితే చిన్న ఊళ్ల మెకానిక్‌లనే నిందించడం సరికాదు. విడిభాగాలు, పరీక్షా పరికరాలు బయటి మెకానిక్‌లకు అందకుండా చేశాయంటూ 2014లో భారత పోటీ కమిషన్ 14 కార్ల కంపెనీలకు రూ.2,500 కోట్లకు పైగా జరిమానా విధించింది; ఆ వివాదం తరువాత అప్పీళ్లకు వెళ్లింది.

యజమాని చేయదగిన పనీ ఉంది. లోపం చల్లటి ఇంజన్‌లో వస్తోందా, వేడెక్కాకా, వాన తరువాతా అన్నది రాసిపెట్టుకుని, కనిపించినప్పుడు ఫోనులో వీడియో తీసి, పొద్దున్నే వచ్చే లోపమైతే బండిని ముందురోజు రాత్రే షెడ్డులో వదలడం మేలు. భాగం మార్చే ముందు ఏ పరీక్షలో తేలిందని మర్యాదగా అడిగి, పాత భాగాన్నీ వివరమైన బిల్లునూ తీసుకోవాలి.

అప్పటికీ తెగకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915 ఉంది. 2020 జూలై 20న అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం డబ్బు తీసుకుని చేసే మరమ్మతు సేవ కిందికే వస్తుంది. లోపం తలెత్తిన రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపైతే రుసుము లేదు. నివాసమున్న జిల్లాలోనే ఫిర్యాదుకు వీలుంది కాబట్టి, విజయవాడలో బండి బాగుచేయించుకున్న తెనాలి వాసి తమ గుంటూరు జిల్లా కమిషన్‌నే ఆశ్రయించవచ్చు.