దొంగకు దొంగ గంటు

సామర్లకోట జంక్షన్‌లో రాత్రి బండి ఎక్కేవాళ్ళు పెట్టెకు గొలుసు చుట్టి, వేలెడంత తాళంకప్ప వేసుకుని నిద్రపోతారు. ఇంటి తలుపుకైతే అంత ధీమా చాలదు. కొట్టువాణ్ణి ‘ఎన్ని లీవర్లండీ?’ అని అడుగుతాం. ఆరుకన్నా ఏడు గట్టిదని మన లెక్క. ఆ లెక్క సగమే సరి.

లీవరంటే కప్పలో స్ప్రింగుతో నొక్కి ఉంచిన పలచటి రేకు. దానికో గాడి ఉంటుంది. తాళంచెవి పళ్ళు లీవర్లన్నిటినీ వాటికి తగిన ఎత్తుకు లేపితే గాడులన్నీ ఒకే వరుసలోకి వచ్చి, గడియకున్న బొడిపెకు దారి ఇస్తాయి. తక్కువ లేపినా, ఎక్కువ లేపినా కదలదు. ఈ పద్ధతికి 1778లో ఇంగ్లండులో రాబర్ట్ బారన్ పేటెంటు తీసుకున్నాడు. ఆరు లీవర్లకు తలా ఐదు ఎత్తులనుకోండి, 15,625 రకాల తాళంచెవులు సాధ్యం. మారుతాళాల గుత్తితో వచ్చినవాడికి తెల్లారిపోతుంది.

చేయి తిరిగినవాడు గుత్తి తేడు. గడియ మీద కాస్త ఒత్తిడి పెట్టి లీవర్లను ఒక్కొక్కటే తడుముతాడు. ఏ రెండు లీవర్లూ అచ్చంగా ఒకేలా తయారుకావు గనుక ఒత్తిడి ముందు ఒక్కదాని మీదే పడుతుంది. అది కుదిరాక ఇంకోటి. గుణకారం కాస్తా కూడిక అయిపోయింది: ఆరైదులు ముప్పై. ఏడో లీవరు దానికి కలిపేది మరో ఐదే!

1818లో జెరమయా చబ్ చేసిన కప్పలో లీవరు మోతాదు మించి లేస్తే అక్కడే ఇరుక్కుంటుంది. దాన్ని సర్దితే గానీ అసలు తాళంచెవికీ తెరుచుకోదు. ఎవరో చెయ్యి పెట్టారని యజమానికి చాడీ చెప్పే కప్ప అన్నమాట. 1851లో లండన్ మహా ప్రదర్శనకు వచ్చిన అమెరికన్ హాబ్స్ దాన్ని 25 నిమిషాల్లో తీసేశాడు. 200 గినీల పందెం కట్టి బ్రామా కంపెనీ ఏళ్ళ తరబడి అద్దాల వెనక పెట్టిన కప్పకు మాత్రం పదహారు రోజుల్లో 51 గంటలు చెమటోడ్చాడు.

అన్ని రోజులు కూర్చునే దొంగ ఎక్కడుంటాడంటారా? నిజమే, మనవైపు కప్ప జోలికే పోకుండా గొళ్ళాన్ని పెకిలించేస్తారు. బలమైన కప్పను బలహీనమైన చెక్కకు బిగిస్తే ఏ లీవరూ ఆదుకోదు.

సరే, కప్ప సంగతికి వద్దాం. తడిమే చేతిని తికమక పెట్టడమే హాబ్స్ తర్వాతి తయారీదారుల పని అయింది. ఒకటి, కొలతలు మరింత కచ్చితంగా ఉంచి, ఏ లీవరు ముందు బిగిసిందో తెలియకుండా చేయడం. రెండోది నాకు మరీ నచ్చినది: అసలు గాడి పక్కనే లోతులేని దొంగ గంట్లు కొట్టడం. బొడిపె వాటిలో దిగబడి, పని అయిపోయినట్టే కదిలి, చిక్కుకుంటుంది.

లైనస్ యేల్ 1861లో పేటెంటు తీసుకున్న లీవర్లకు బదులు పిన్నులుండే సిలిండరు కప్పలోనూ తర్వాతివాళ్ళు ఇదే ఎత్తు వేశారు. కొన్ని పిన్నులకు నడుము సన్నగా చెక్కారు. సిలిండరు రవ్వంత తిరిగి ఆగుతుంది. ముందుకు పోవాలంటే ఒత్తిడి సడలించాలి; సడలిస్తే అంతవరకూ కుదిరిన పిన్నులు జారిపోయి, పని మళ్ళీ మొదటికొస్తుంది.