రబ్బరు బూటు: డబ్బు పేరుకా, పనికా?

కూలి రేట్ల సమస్య ఉండగా, భూమి సమస్య ఉండగా బూట్ల మీద వ్యాసమేమిటి అని కొందరు మిత్రులు అనవచ్చు. కూలివాడి కాలు కూడా సమస్యే. 2000 నుంచి 2019 దాకా ఇరవై ఏళ్లలో మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని 2020లో అచ్చయిన ఒక అధ్యయనం లెక్క కట్టింది. అంటే ఏడాదికి సగటున 58 వేల మంది. అందులో అత్యధికులు పల్లెటూళ్ల వాళ్లు. ఎక్కువ చావులు జరిగిన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. పాము కరిచేది ఎక్కువగా కాలినే. కోతకు వంగినవాడినీ, రాత్రిపూట నీళ్లు కట్టబోయినవాడినీ, పశువుల కొట్టంలో చీకట్లో అడుగుపెట్టినవాడినీ కరుస్తుంది.

అందుకే గ్రామాలకు వెళ్లినప్పుడు యువకులు అడిగే ఈ ప్రశ్నను మేము తేలిగ్గా తీసుకోలేదు. "అన్నా, బజార్లో నాలుగైదు వందలకు దొరికే గమ్ బూట్లు ఏడాది తిరక్కుండానే చిట్లుతున్నాయి. పై దేశాల కంపెనీల బూట్లు వేలల్లో ఉన్నాయి. అప్పో సప్పో చేసి ఒక్కసారి అవి కొంటే పదికాలాలపాటు వస్తాయా?"

ఈ బూటు ఎవరి కోసం పుట్టింది?

పచ్చి రబ్బరు ఎండకు జిగురవుతుంది, చలికి పెళుసవుతుంది. దాన్ని గంధకంతో కలిపి వేడి చేస్తే ఈ రెండు బాధలూ తగ్గుతాయని అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టాడు. 1844లో దానికి పేటెంటు పొందాడు. ఆ పద్ధతిని హైరమ్ హచిన్సన్ అనే మరో అమెరికన్ ఫ్రాన్సుకు తీసుకుపోయి, 1853లో బూట్ల ఫ్యాక్టరీ పెట్టాడు. ఆ రోజుల్లో ఫ్రెంచి రైతులు చెక్కతో తొలిచిన పాదరక్షలు వేసుకుని బురదలో పనిచేసేవారు. రబ్బరు బూటు వచ్చాక వాళ్లు పొడి కాళ్లతో ఇంటికి చేరారు. అదే నేటి ఏగుల్ కంపెనీ. 1856లో హెన్రీ లీ నారిస్ స్కాట్లండులోని ఎడిన్‌బరోలో ఇంకో ఫ్యాక్టరీ మొదలుపెట్టాడు. అది తరువాత హంటర్ అయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల నీళ్లలో నిలబడి సైనికుల పాదాలు కుళ్లిపోతుంటే, ఆ ఫ్యాక్టరీయే పది లక్షల జతలకు పైగా బూట్లు చేసి ఇచ్చింది.

అంటే రైతు కాలికి, కూలి కాలికి, సిపాయి కాలికి పుట్టిన వస్తువు ఇది. ఆ తరువాత రాజకుటుంబం వేసుకుంది, సినిమా తారలు వేసుకున్నారు. ధర కొండెక్కి కూర్చుంది.

పేరు మిగిలింది, ఫ్యాక్టరీ పోయింది

హంటర్ చరిత్ర చూడండి. 2006లో ఆ కంపెనీ దివాళా అంచుకు వచ్చి చేతులు మారింది. 2008లో స్కాట్లండులో బూట్ల తయారీ ఆగిపోయి విదేశాలకు తరలింది. 2023 జూన్‌లో మళ్లీ చితికిపోయింది. అప్పుడు దాని పేరును అమెరికాకు చెందిన అథెంటిక్ బ్రాండ్స్ గ్రూప్ కొనుక్కుంది. ఈ గ్రూపు వ్యాపారం పేర్లు కొనటం, ఆ పేరు వాడుకునే హక్కును ఇతరులకు అద్దెకివ్వటం. పాత బూటు ఇరవై ఏళ్లు వచ్చిందని ఎవరైనా చెబితే అది నిజమే కావచ్చు. కానీ దాన్ని చేసిన కార్మికుడు వేరు, నేడు చేసే ఫ్యాక్టరీ వేరు. పాతదాని మన్నికను చూపించి కొత్తదానికి హామీ ఇవ్వటం కుదరదు.

ఏగుల్ సంగతి కొంత వేరు. ఫ్రాన్సులో షాటెల్రో దగ్గర ఉన్న ఫ్యాక్టరీలో అది ఇప్పటికీ రబ్బరు బూట్లు చేయిస్తోంది. రబ్బరు ముక్కలను కార్మికులు చేతులతో అచ్చు మీద పొరలు పొరలుగా అతికించి, ఆ తరువాత వేడిలో పెడతారు. కనుక పెద్ద పేర్లన్నీ మోసమని మేము అనటం లేదు. పేరు చూసి కాదు, దేనితో చేశారు, ఎలా చేశారు అన్నది చూసి కొనాలంటున్నాము.

మన ఎండలో లెక్క

సరే, నిజంగా మంచి బూటే అనుకుందాం. ఈ పెద్ద పేర్ల బూట్లు జత మన డబ్బులో పదివేల రూపాయలని లెక్క వేసుకుందాం. 2025-26లో మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఆ లెక్కన ఒక జత బూట్లకు 33 రోజుల కూలి. అదే డబ్బుతో అయిదు వందల బూట్లు ఇరవై జతలు వస్తాయి. చౌక బూటు ఏడాదే వచ్చిందనుకున్నా, ఖరీదు బూటు ఇరవై ఏళ్లు వస్తే గానీ లెక్క సరిపోదు.

అన్నేళ్లు వస్తుందని నమ్మకం పెట్టుకోలేం. రబ్బరు వాడినా వాడకపోయినా ముసలిదవుతుంది. ఎండ, వేడి, గాలిలో ఉండే ఓజోన్ దాన్ని తింటూ ఉంటాయి. నడిచేటప్పుడు చీలమండ దగ్గర మడత పడే చోట ముందుగా పగులుతుంది. రోహిణి కార్తె ఎండకు స్కాట్లండు బూటయినా, మన ఊరి సంత బూటయినా ఒకటే.

అయితే అన్నిటికన్నా చౌకది కొనమని కూడా మేము చెప్పం. బజార్లో దొరికేవి ఎక్కువగా పి.వి.సి. ప్లాస్టిక్ బూట్లు. ఆ ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచే పదార్థం కాలం గడిచే కొద్దీ బయటికి పోతుంది, బూటు గట్టిపడి చిట్లుతుంది. సహజ రబ్బరు బూటు మెత్తగా వంగుతుంది, కాలిని ఒరుసుకోదు. చిల్లు పడితే సైకిల్ పంక్చర్ షాపులో ట్యూబు ముక్క, సొల్యూషన్‌తో అతికించుకోవచ్చు. పి.వి.సి.కి ఆ సొల్యూషన్ పట్టదు. కానీ రబ్బరుకు డీజిలు, కిరోసిను పడవు, తగిలితే ఉబ్బిపోతుంది. ఇంజను దగ్గర, ట్రాక్టరు దగ్గర పనిచేసేవాళ్లకు పి.వి.సి. నయం.

చూసి కొనండి, చూసుకుని వాడండి

ఐ.ఎస్.ఐ. ముద్ర ఉందా చూడండి. ముద్ర పైన రబ్బరు బూటుకు 5557, పి.వి.సి. బూటుకు 12254 అనే నంబరు ఉండాలి. చీలమండ దగ్గర మడిచి చూడండి, తెల్లటి గీతలు పడితే వద్దనండి. అడుగు, పైభాగం కలిసేచోట వేలు పెట్టి ఊడుతోందేమో చూడండి. మేజోళ్లు వేసుకుని, సాయంత్రం పూట కాలు పెట్టి చూసి సైజు తీసుకోండి.

పని కాగానే నీళ్లతో కడిగి నీడలో బోర్లించండి. ఎండలో, పొయ్యి దగ్గర ఆరబెట్టొద్దు. మడిచి మూలన పడేయొద్దు, మడత దగ్గరే పగులుతుంది. రబ్బరు బూటు మీద తెల్లగా పొడిలాంటిది తేలితే పాడైపోయిందని కంగారు పడొద్దు. రబ్బరులో కలిపిన పదార్థాలు పైకి తేలటమే అది, గుడ్డతో తుడిస్తే పోతుంది. పొద్దున వేసుకునేముందు తలకిందులు చేసి గట్టిగా దులపండి, లోపల తేలు ఉండవచ్చు.

ఇంకొక మాట. నాట్ల మడిలో, దమ్ము చేసిన బురదలో బూటు పనికిరాదు. బురద దాన్ని లాగేసుకుంటుంది, మనిషి పడిపోతాడు. కోతలకు, రాత్రి నీళ్లు కట్టటానికి, పశువుల కొట్టానికి, పామాయిల్ తోటలకు, మందు కొట్టటానికి బూటు కావాలి. బూటు ఉన్నా టార్చిలైటు, చేతికర్ర మానొద్దు. పాము కరిస్తే మంత్రగాడి దగ్గరికి కాదు, వెంటనే ప్రభుత్వాసుపత్రికి. అక్కడ విరుగుడు సూదిమందు ఉందో లేదో కార్యకర్తలు ముందే వెళ్లి కనుక్కుని ఉంచాలి.

కొనాల్సింది ఎవరు?

మందు కొట్టేవాళ్ల సంగతి మరీ ముఖ్యం. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తి చేలకు మందు కొడుతూ ఇరవై మందికి పైగా రైతులు, కూలీలు ప్రాణాలు కోల్పోయారు. పురుగుమందుల చట్టం 1968లో వచ్చింది. దాని నిబంధనలు 1971లో వచ్చాయి. వాటిలో 39వ నిబంధన మందు చల్లేవారికి రక్షణ దుస్తులు ఉండాలని చెబుతుంది. ఆ దుస్తుల జాబితాలో పై తొడుగు, రబ్బరు చేతి తొడుగులు, కళ్లద్దాలతోపాటు బూట్లు కూడా రాసి ఉన్నాయి. అర్ధ శతాబ్దం దాటిపోయింది. లుంగీ ఎగగట్టి, వట్టి కాళ్లతో, వీపున పంపు మోస్తూ చేలో నడిచే కూలీకి ఈ నిబంధన సంగతి ఎవరు చెప్పారు? (మందు కొట్టేటప్పుడు ప్యాంటు అంచు బూటు లోపలికి దోపొద్దు, బయటికి ఉంచండి. లేకపోతే కారిన మందంతా బూటులోకే దిగుతుంది.)

కనుక ఏ కంపెనీ బూటు కొనాలన్న ప్రశ్న దగ్గరే మనం ఆగిపోకూడదు. పంట తనది, లాభం తనది అయిన మోతుబరి ట్రాక్టరుకు టైరు మార్పిస్తాడు, మోటారుకు షెడ్డు కట్టిస్తాడు. మనిషి కాలికి అయిదు వందలు పెట్టమంటే బరువెందుకు కావాలి? మందు కొట్టే ముఠా కూలి మాట్లాడుకునేటప్పుడే బూట్లు, చేతి తొడుగులు కూడా మాట్లాడుకోవాలి. ఆడవాళ్ల పాదాలకు సరిపడే సైజులు తెప్పించాలని గట్టిగా అడగాలి. బజార్లో వాళ్ల సైజులు దొరకటమే కష్టంగా ఉంది. స్ప్రేయర్లకు, యంత్రాలకు సబ్సిడీ ఇచ్చే ప్రభుత్వం ఆ జాబితాలో బూట్లను కూడా చేర్చాలని ప్రతి మండలంలో వ్యవసాయాధికారికి అర్జీలు ఇవ్వాలి.

మేము చెప్పేది ఇదే. పదివేల బూటుకు అప్పు చేయొద్దు. ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్న మామూలు బూటు ఒక రోజు కూలి ఎక్కువైనా చూసి తీసుకోండి, జాగ్రత్తగా వాడండి. దాని ఖరీదు మీ కూలిలోంచి పోకుండా, పని చేయించుకునేవాడే పెట్టుకునేలా ఈ సీజను నుంచే కలిసి అడగండి.